ఏలియా స్వాస్థ్యం

ఏలియాకి దేవుని వాక్యం తప్పు లేకుండా చదవడం రాదు. ఈ సంగతి అతనుండే రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ మొత్తానికి తెలుసు, ఎందుకంటే అతను చదివితే న్యూ సెటిల్‌మెంట్ మొత్తానికీ వినబడుతుంది. రైల్వే వర్క్‌షాపులో, అందులోనూ బాయిలర్ షాపులో, సుత్తిదెబ్బల మధ్య బతికినవాడికి గుసగుసలు చేతకావు. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, వరండాలో స్టూలేసుకుని, మామగారి గ్రంథం ఒళ్లో పెట్టుకుని గొంతెత్తాడంటే, చుట్టుపక్కల క్వార్టర్లవాళ్లు పళ్లు తోముకోవడం ఆపి మరీ వినేవారు.

"నేతిమంతుల ఇంట దీపముండును!"

"నీతిమంతులు!" వంటింట్లోంచి భార్య ఎలీసమ్మ అరిచేది.

"ఏటే?"

"నేతి కాదండీ, నీతి! డాల్డా కొంపలో నేతిమంతులు ఎక్కడ్నించొస్తారు?"

"అదే, నీతిమంతులు," అని ఏలియా వినయంగా దిద్దుకుని, నాలుగు మాటలు సాఫీగా నడిచి, ద్రాక్షావల్లి దగ్గర మళ్లీ బోర్లా పడేవాడు. ద్రాక్షాపిల్లి అనేవాడు. గోడ అవతల నవ్వులు. అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

గోడకి ఇవతల మాత్రం నవ్వు లేదు. పోయిన వానాకాలం జ్వరంతో కరుణ పోయింది. ఒక్కగానొక్క పిల్ల. అప్పట్నించీ ఎలీసమ్మ గోడవైపు తిరిగి పడుకునేది, లేచి వండేది, మళ్లీ పడుకునేది. గుడికి రమ్మని పాస్టరుగారు కబురు పెడితే, "ఆయనకీ నాకూ మాటల్లేవని సెప్పండి," అని తిప్పి పంపింది. ఆయనంటే పాస్టరుగారు కాదు, పైవాడు. మొగుణ్ణి "కరుణ నాన్నా" అని పిలిచే మనిషి, ఇప్పుడు ఏమని పిలవాలో తెలియక పిలవడమే మానేసింది. రోజు మొత్తంలో ఆమె నోరు విప్పేది ఆ తప్పులు దిద్దడానికే.

దిద్దక ఏం చేస్తుంది? బొబ్బిలి దగ్గర పల్లెలో వాక్యం బోధించే ఉపదేశి కూతురు. అక్షరాలకంటే ముందు వాక్యాలొచ్చాయి. తండ్రికి పొలమూ పుట్రా లేవు. పోయేముందు తను చదువుకున్న గ్రంథాన్ని కూతురి చేతిలో పెట్టి, "ఇదే నీ స్వాస్థ్యం తల్లీ. ఇందులో సంతోషం ఎంత తీసుకున్నా తరగదు," అన్నాడు. కరుణని సాగనంపి వచ్చిన రోజున ఎలీసమ్మ ఆ స్వాస్థ్యాన్ని అటకమీదకి విసిరేసింది. తరగని సంతోషమట! అటకెక్కి దాన్ని దింపినవాడు ఏలియా.

దింపినవాడు ఊరుకున్నాడా? ఆ స్వాస్థ్యం అన్న మాటతోనే ఆమె ప్రాణం తోడేసేవాడు.

"సూసినావా, దేవుడు మనకి మంచి ఆరోగ్యం ఇస్తాడట," అని ఖళ్లుఖళ్లున దగ్గేవాడు.

"స్వాస్థ్యమంటే ఆరోగ్యం కాదు!"

"కాకపోడమేటి? పక్కింటి బెంగాలీ దీదీనడుగు. గోల్‌బజార్‌లో మందులకొట్టు బోర్డు సూడు. ఈ బెంగాలీ ఊరంతా ఆరోగ్యమే అంటంటే నీదొక్కర్తిదే వేరే అర్థమా?"

"వాక్యంలో స్వాస్థ్యమంటే ఆస్తి! తండ్రి పిల్లలకిచ్చే ఆస్తి! నిన్ననే సెప్పినాను గదండీ!"

"ఆస్తా? అయితే అమ్ముకోవచ్చా?"

"అమ్ముకోలేం."

"పోనీ, పోతాదా?"

ఎలీసమ్మ పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. "పోదు," అంది. "మనం పారేసినా పోదు." ఆ పూట కూర మాడింది. ఏలియా ఆ మాడిన కూరనే మారు వడ్డించుకుని తిన్నాడు. మర్నాడు పొద్దున్న స్వాస్థ్యం మళ్లీ ఆరోగ్యమైంది.

ఇలా ఉండగా, అతనితో పనిచేసే తీతు అనే కుర్రాడి తల్లి చనిపోయింది. ఆదివారం మధ్యాహ్నం జ్ఞాపకార్థ కూటం. తీరా పాస్టరుగారు ఎక్కిన పాసింజరు బండి ఎక్కడో ఆగిపోయింది. ఆయన బదులు ఏలియా చదువుతాడట అన్న కబురు ఎలీసమ్మ చెవిన పడింది. ఏడుపు కొంపలో ఈయన ద్రాక్షాపిల్లి అంటే ఇంకేమైనా ఉందా? తన దుఃఖం నలుగురికీ నవ్వులాట అయితే అయింది, ఆ కుర్రాడిదీ కావాలా? పెట్టెలోంచి మంచి చీర తీసి, ఎన్నాళ్లకో గడప దాటింది. తీతు వాళ్ల పెరటి తలుపు దగ్గర ఆడవాళ్ల వెనక నిలబడి, తప్పు రాగానే అందించడానికి నోరు సిద్ధంగా పెట్టుకుంది.

తప్పు రాలేదు. నీతిమంతులు నీతిమంతులుగానే వచ్చారు. ద్రాక్షావల్లి పిల్లి కాకుండా తిన్నగా పాకింది. ఒక్క పొల్లు పోలేదు. ఎలీసమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"అమ్మ పోయింది. నాకింకేటి మిగిలినాది అన్నా?" అన్నాడు తీతు, కూటం ముగిశాక ఏలియా పక్కన చేరి.

"మీ అమ్మ నీకు నేర్పిన మాట మిగిలినాది. స్వాస్థ్యమంటే ఆస్తిరా. మనం పారేసినా పోదు. నాకు మా ఆవిడ సెప్పినాది."

తీతు కళ్లు తుడుచుకుని, "ఇంత బాగా సదువుతావు, మరి ఇంటికాడ ఆ తప్పులేటి?" అన్నాడు.

"ఇంటికాడ తప్పు సదవకపోతే మా ఆవిడ మాటాడదురా."

ఎలీసమ్మ ఎవరికీ కనబడకుండా ఇంటికి వచ్చేసింది. దారంతా ఒళ్లు మండిపోయింది. ఎన్ని పొద్దులు మోసపోయింది! తలుపేసుకున్నాక ఏడుపొచ్చింది. కరుణ రాదు. ఏ వాక్యం చదివినా రాదు. నోట్లోకి తండ్రి నేర్పిన మాటలు మాత్రం పిలవకుండానే ఒక్కొక్కటీ వచ్చాయి, వాటి వెనకే ద్రాక్షాపిల్లి కూడా వచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఎలీసమ్మ ఫక్కున నవ్వేసింది.

మర్నాడు పొద్దున్న ఏలియా స్నానాల గదిలో ఉండగా, ఆమె వరండాలోకి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. గ్రంథం తెరిచి, మొగుడి గొంతుకి సరిపడా గొంతెత్తింది.

"తండ్రి ఇచ్చిన స్వాస్థ్యము! అనగా ఆరోగ్యము!"

"ఆస్తి!" అని లోపల్నించి బాయిలర్ షాపు గర్జించింది. వెంటనే నీళ్ల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి తలుపు సందులోంచి సబ్బునురగ తల ఒకటి భయంభయంగా బయటికొచ్చింది.

"దొరికిపోయినారు, కరుణ నాన్నా," అంది ఎలీసమ్మ.

ఆ పిలుపు విని ఏలియా గబగబా కళ్లు నులుముకున్నాడు. "సబ్బు మంట," అన్నాడు.

"రేపట్నించి తప్పు సదివితే టీ లేదు."

మర్నాడు ఏలియా టీ లేకుండానే డ్యూటీకి వెళ్లాడు.