వాన కబురు ఎవరిది?

మార్చి నెలలో రాఘవమ్మ మిరపకాయల కల్లం తడిసింది. ఆ ఏడు, అంటే పందొమ్మిదివందల అరవై తొమ్మిదిలో, చందర్లపాడులో చాలామంది కల్లాలు తడిశాయి. ఎర్రగా ఆరిన కాయ ముసురుకి తెల్లబారి, బూజు పట్టి, ధర పలకని తాలుకాయ అయింది. రాఘవమ్మ ఒక దోసెడు చేతిలోకి తీసుకుని చూసి మళ్ళీ కల్లంలోనే పోసింది. ఏడవలేదు.

గరికపాడు నుంచి కాపురానికి వచ్చిన మనిషి. భర్త పోయినప్పుడు, చేను కౌలుకిచ్చి ఇంటిపట్టున ఉండమన్నారు బావలు. "కౌలు గింజలు తిని కూచోడానికి నాకేం కాళ్ళు పడిపోయినయ్యా?" అంది. నారు పోసిన దగ్గర్నుంచి గుంటూరుకి బండి కట్టేదాకా తనే చూసుకునేది. మొక్కకి తెగులు తగిలితే విత్తనాన్ని తిట్టేది, అది తను ఎంచినదే అయితే తనను తిట్టుకునేది. తప్పు ఎక్కడుందో తేలితేగాని ఆమెకు అన్నం సయించదు.

ఆ వానకి మాత్రం తప్పు ఆకాశానిదని ఊరంతా ఒప్పేసుకుంది. పంచాయతీ ప్రెసిడెంటు తిరుపతిరావు ఆమెకు వరసకు మరిది. అరుగు మీద కూర్చుని అందరికీ అదే చెప్పాడు.

"రష్యావాడొకటీ అమెరికావాడొకటీ రాకెట్లు వదిలి మబ్బుల్ని చెడగొడుతున్నారు వదినా. కాలం అదను తప్పింది. మనం చేసేదేముంది?"

స్పుత్నిక్ ఎగిరిన ఏటినుంచీ నందిగామ బస్సుల్లోనూ జగ్గయ్యపేట కొట్లలోనూ ఈ మాట నలుగుతూనే ఉంది. వాన రాకపోతే రాకెట్టు, వస్తే రాకెట్టు.

రాఘవమ్మ ఆ మాట విని ఇంటికి వెళ్తూ తిరుపతిరావు కల్లం పక్కనుంచి నడిచింది. అక్కడ కాయ గలగలలాడుతోంది. పాలేరు రత్తయ్య గోతాలు విప్పి ఎండలో పరుస్తున్నాడు.

"మీ ఆసామి కాయ తడవలేదేం రత్తయ్యా?"

"వానకి ముందురోజే ఎత్తించారమ్మా. సముద్రంలో వాయుగుండం పట్టిందని రేడియోలో చెప్పారంట. కూలోళ్ళందర్నీ పిలిచి మధ్యాన్నానికల్లా గోతాల్లోకి ఎత్తించారు."

ఆ రేడియో తిరుపతిరావుది కాదు. రైతులు పంటల సంగతులూ వాతావరణమూ వినాలని ప్రభుత్వం పంచాయతీకి ఇచ్చింది. వీధికంతా వినపడేటట్టు లౌడుస్పీకరు కూడా ఇచ్చింది. పంచాయతీ ఆఫీసు కప్పు కారుతోందని తిరుపతిరావు రెంటినీ తన హాల్లో పెట్టుకున్నాడు. స్పీకరు బయటికి వచ్చింది రెండేసార్లు, ఎన్నికలకీ, ఆయన కూతురు పెళ్ళికీ.

ఆమె తిన్నగా బడికి వెళ్ళింది.

"పంతులుగారూ, వానొస్తుందని వాళ్ళకి ముందే ఎట్లా తెలిసింది?"

కుటుంబరావు పంతులు సుద్దముక్క పక్కన పెట్టాడు. "ఓడలవాళ్ళు చెబుతారు, రేవులవాళ్ళు చెబుతారు. ఇప్పుడు పైన అమెరికావాళ్ళ ఉపగ్రహాలు కూడా తిరుగుతున్నాయమ్మా. మబ్బుల్ని ఫొటో తీసి కిందికి పంపుతాయి. బొంబాయిలో మనవాళ్ళు అందుకుంటారు."

"మరి రాకెట్లవల్ల వానలు చెడుతున్నాయంటారే?"

"చెడవు. వాన జాడ చెబుతాయంతే."

"ఆ ఫొటోలకి వాళ్ళేమన్నా పుచ్చుకుంటారా?"

"లేదండి. అందుకునే యంత్రం ఎవరు పెట్టుకుంటే వాళ్ళకి ఊరికే ఇస్తారు."

"అంత పైనుంచి ఊరికే దిగొచ్చిన కబురు మా మరిది గుమ్మం దాటలేకపోయిందా!"

పంతులు వీధివైపు చూసి గొంతు తగ్గించాడు. "నా పేరు బయట అనకండి రాఘవమ్మగారూ. నేను అద్దెకుంటున్నది ఆయన ఇంట్లోనే."

రేడియోని బడి వరండాలో పెట్టించమని ఆమె తిరుపతిరావుని మూడు నెలలు అడిగింది. ఒకసారి పిల్లలు పాడుచేస్తారన్నాడు. ఒకసారి బ్యాటరీ అయిపోతుందన్నాడు. ఇంకోసారి, "నీకేం కావాలో చెప్పు వదినా, నేను విని నీకు కబురంపిస్తాగా," అని నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఒంటికి కారంలా అంటుకుంది. మళ్ళీ మిరపనారు పోసే రోజులు దగ్గరికొస్తున్నాయి. వచ్చే కల్లం కూడా ఈయన దయమీదే ఆరాలా?

జూలైలో ఒక సోమవారం పొద్దున స్పీకరు బయటికొచ్చింది. చంద్రుడి మీద మనుషులు దిగారట, ఇంకాసేపట్లో కాలు కింద పెడతారట. తిరుపతిరావు అరుగు ముందు పట్టాలు పరిపించాడు. కుర్రాళ్ళు, ముసలాళ్ళు, చంకన పిల్లల్తో ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

"ఇంతటి వింత మన ఊళ్ళో ప్రతివాడి చెవినా పడాలి," అన్నాడు తిరుపతిరావు లేచి నిలబడి.

"ఎందుకు పడాలి మరిదీ?" అంది రాఘవమ్మ. "అది వినకపోతే ఎవరి కల్లం తడుస్తుంది?"

కొందరు నవ్వారు.

"వాయుగుండం కబురు వచ్చిన రోజు ఈ స్పీకరు ఎక్కడుంది? నువ్వు విన్నావు. నీ కాయ ఎత్తించుకున్నావు. మాకు మాత్రం రాకెట్ల కథ చెప్పావు. ఆ కాయ ఎత్తిన కూలోళ్ళు మీరే కదా, చెప్పండర్రా!"

కూలివాళ్ళు తల వంచుకున్నారు. రత్తయ్య మాత్రం, "ఎత్తింది నిజమే," అన్నాడు, ఎటో చూస్తూ.

తిరుపతిరావు ముఖం నల్లబడింది. లోపలికి వెళ్ళి మీట నొక్కేశాడు. "వినేదేం లేదు. లెగండి, పొండి."

ఒక్కసారిగా గోల లేచింది. "నీ నోరు కాలిపోనూ, ఇప్పుడే తెరవాలా?" అని రాఘవమ్మ మీదికే వచ్చింది ఒకావిడ. "సరిగ్గా కాలు పెట్టే వేళకి చెడగొట్టావు గదమ్మా!"

"నేనా ఆపింది?" రాఘవమ్మ కదల్లేదు. "మీట ఎవరి చేతిలో ఉందో చూశారుగా. చంద్రుడి మీద దిగింది మనిషన్నారు, మనలాంటి మనిషే అన్నారు. మన వీధిలోకి ఆ కబురు మాత్రం ఈయన దిగనిస్తేనే దిగాలి. ఇప్పుడు ఆపినవాడు అప్పుడూ ఆపాడు. ఇప్పుడు పోయింది వింతే. అప్పుడు పోయింది మన కూడు."

జనం ఆమె వైపు నుంచి అరుగు వైపు తిరిగారు. ముందు లేచింది కల్లం తడిసిన బుల్లిబాబు. వెనకాల ఇంకో నలుగురు లేచారు. వాళ్ళు హాల్లోకి వెళ్తుంటే తిరుపతిరావు అరిచాడు.

"అది గవర్నమెంటు సొత్తు! కేసు పెడతా!"

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా నీకు?" అంది రాఘవమ్మ.

రేడియోనీ బ్యాటరీనీ స్పీకరునీ బడి వరండాలోకి మోశారు. తాళంచెవి పంతులు చేతిలో ఉంది. ఒకసారి తిరుపతిరావు ఇంటివైపు చూసి, వరండా కటకటాల తలుపు తీశాడు. తీగలు కలిపేసరికి చంద్రుడి మీద కాలు మోపడం అయిపోయిందట. దాన్ని గురించి ఎవరూ పెద్దగా బాధపడలేదు.

తిరుపతిరావు అన్నంత పనీ చేశాడు. వారం తిరక్కుండా ఎస్సై వచ్చి బడి ముందు జీపు ఆపాడు.

"ప్రెసిడెంటుగారి ఇంట్లోంచి రేడియో ఎత్తుకెళ్ళింది ఎవరు?"

"మోసింది వాళ్ళు. మోయించింది నేను," అంది రాఘవమ్మ. "అదుగో అక్కడే ఉంది, దాచలేదు. సాయంత్రం వాతావరణం చెప్పే వేళకి రండి బాబూ. మీరూ వినొచ్చు."