ఇద్దరు తోడికోడళ్ళు, ఒకే జత రబ్బరు క్లాగ్స్

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మా సీతక్క ఇక లేదు.

నిన్న పొద్దున నేను విరుదునగర్‌లో ఉన్నాను. మా ఆయన పిన్ని కూతురి సీమంతం. చందనం గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా మా ఆయన ఫోన్.

"మీ అక్క కోళ్ళ షెడ్డుకాడ పడిపాయ. కోవిల్‌పట్టి ఆస్పత్రికి ఎత్తుకోని పోతాండాం."

నేను బస్టాండుకి చేరేలోపు మళ్ళీ ఫోన్. "ఆస్పత్రికి రావద్దు. ఇంటికే వచ్చేయి."

హార్ట్ ఎటాక్ అన్నారు. అంతే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. సీతక్క మా బావగారి భార్య, నాకు తోడికోడలు. నాది చిత్తూరు వైపు. పెళ్ళయ్యాక తమిళనాడులో ఏళాయిరంపన్నై పక్కనున్న ఈ పల్లెకి వచ్చాను. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, కానీ చదవడం ఒక్కరికీ రాదు. అందుకే ఈ పోస్ట్ ఇంత ధైర్యంగా రాస్తున్నా.

మా ఇంటి వెనక నాటుకోళ్ళ షెడ్డు, దాన్ని ఆనుకుని కూరగాయల మడులు. కోళ్ళని పొద్దున వదలాలి, చీకటి పడకముందే మూయాలి. లేదంటే ముంగిస, కుక్కలు. అత్త మోకాళ్ళ నొప్పులతో కుర్చీ దిగలేదు. బావ పొలంలో, మా ఆయన శివకాశి ఫ్యాక్టరీ వ్యాన్ మీద.

కాబట్టి మా ఇంట్లో ఒకటే రూల్. ఇద్దరు కోడళ్ళలో ఒకరు ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి.

పెళ్ళయినా, గుడయినా, సినిమా అయినా సరే. ఒక్కరే వెళ్ళాలి.

ఉండిపోయినవాళ్ళ కాళ్ళకి ఆ క్లాగ్స్.

ఆకుపచ్చ రబ్బరు చెప్పులు, పైనంతా చిల్లులు. బావ శివకాశిలో కొనుక్కొచ్చారు, ఒకే ఒక జత. ఎప్పుడూ ఇంట్లో ఉండేది ఒకళ్ళే కదా, రెండో జత ఎందుకన్నారు. నాకు వదులు, అక్కకి బిగుతు.

నాకు వాటిని చూస్తేనే ఒళ్ళుమంట. ఎండలో చెమటకి లోపల కాలు జారిపోతుంది. వాన పడితే నల్లరేగడి పట్టేసుకుంటుంది, కాలు వస్తుంది కానీ చెప్పు రాదు. కోడిరెట్ట ఆ చిల్లుల్లోంచి వేళ్ళ మధ్యకి వస్తుంది. సీమతుమ్మ ముల్లయితే అడుగు నుంచి నేరుగా దిగుతుంది.

సరే, ఒక్క మంచి గుణం ఒప్పుకుంటా. రెండు చేతుల్లో బకెట్లున్నా వంగకుండా తొడుక్కోవచ్చు. పైపు కింద పెడితే క్లీన్.

కానీ అవి తొడుక్కున్నప్పుడల్లా ఎవరో గేటుకి తాళం వేసినట్టే ఉండేది నాకు.

అక్క మాత్రం ఊరందరి ముందూ వాటిని పొగిడేది. ఎక్కడికైనా ప్రయాణం అనగానే అత్త దగ్గరికి వెళ్ళి, "నాకు ఈ చెరుప్పు కాలుకి మెత్తంగా ఉండాది. చిన్నదానికి దీంతో నడిచేది రాదు. కోళ్ళు దాన్ని చూస్తే బెదురుతాయి. దాన్నే పంపించండత్తా" అనేది.

అలా దాదాపు ప్రతి ఫంక్షన్‌కీ నేనే వెళ్ళేదాన్ని. పాపం, ఆవిడకి ఆ చెప్పులంటే అంత ఇష్టం కాబోలు అనుకున్నా.

మొన్న ఎండాకాలంలో చూశాను. పెరట్లో కూర్చుని మడమలకి ఆముదం రాసుకుంటోంది. రెండు మడమలూ బొబ్బలే.

"ఏందక్కా ఇది?" అన్నాను.

"సుమ్మా ఉండవే, గట్టిగా అనొద్దు. నాకూ ఈ చెరుప్పంటే పడదు. ఆ మాట చెప్తే అత్త నిన్ను పంపిస్తాదా?"

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఆ రోజే పట్టుపట్టాను, ఇద్దరం కలిసి శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళాల్సిందేనని. ఆండాళ్ దర్శనం చేసుకుని, పాల్‌కోవా తిని, సాయంత్రానికి ఇల్లు చేరాలి. కోళ్ళని తను చూసుకుంటానని బావ మాటిచ్చారు. అత్త మూతి ముడుచుకునే సరేనంది.

ఇద్దరం కలిసి గేటు దాటడం అదే మొదటిసారి. బస్ స్టాప్ దాకా అక్క నోరు మూతపడలేదు. అక్కడ నిలబడ్డాక నా చూపు కిందికి పోయింది.

మెరూన్ పట్టుచీర కింద ఆకుపచ్చ క్లాగ్స్!

నవ్వలేక చచ్చాం. స్టాప్‌లో ఉన్న ముసలాయన కూడా మాతో పాటు నవ్వాడు.

బస్సు కనబడుతుండగా అత్త ఫోన్. బావ మోటార్ వేయడానికి పొలం వెళ్ళారట, షెడ్డులో కుక్క దూరిందట.

"నువ్వు పోవే. నేను ఎట్లాగూ చెరుప్పు ఏసుకోనే వచ్చినా గదా" అని నన్ను బస్సులోకి నెట్టేసింది.

మరిచిపోయి వేసుకొచ్చిందో, వెనక్కి పిలుస్తారని తెలిసే వేసుకొచ్చిందో. అడగాలనిపించింది, అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషే లేదు.

నిన్న సాయంత్రం చావు మేళం మొదలవగానే కోళ్ళన్నీ బెదిరి తుమ్మకంపల్లోకి పోయాయి.

అక్కని ఎత్తారు.

ఇక్కడ ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. వీధి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చేస్తారు. ఆ నాలుగడుగులైనా తనతో నడుద్దామని లేచాను.

అత్త ఏడుస్తూనే అంది, "చీకటి పడతా ఉండాది. కోళ్ళు యెవురు మూసేది?"

అందరూ నా వైపే చూశారు.

అక్క గేటు దాటింది. నేను ఇంట్లో ఉండిపోయాను.

ఈ రోజు పొద్దున కోళ్ళని వదిలింది నేనే. సాయంత్రం మూసేదీ నేనే. ఇన్నేళ్ళూ ఇద్దరిలో ఒకరు ఉండాలనేవాళ్ళు. ఇప్పుడు ఉన్నది నేనొక్కదాన్నే. నాకు చాలా భయంగా ఉందక్కా. ఇంట్లో ఎవరికీ చెప్పలేను, ఇక్కడ చెప్తున్నా.

వెళ్ళు అక్కా. ఎంత దూరమైనా వెళ్ళు. చీకటి పడుతోందని ఎవరూ నిన్ను వెనక్కి పిలవకూడదు. అక్కడైనా నీకు హాయిగా ఉండాలి.