రెండు సీట్లు, రెండు గిన్నెల అన్నం

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నాన్న మా కొట్లో ఒక బియ్యపు గింజను పంటి కింద పెట్టి కొరుకుతున్నారు. అప్పుడే నాకు రెండో మెడికల్ సీటు వచ్చినట్టు ఫోన్లో మెసేజ్ వస్తే పైకే చదివాను. ఆయన కొరకడం ఆపలేదు. "ఇంకా తేమ ఉందండి" అని ఎదురుగా నిలబడ్డ మిల్లు గుమస్తాకు చెప్పి, ఆ తర్వాత నా వైపు తిరిగి "ఎక్కడమ్మా?" అన్నారు.

మొదటి సీటు రామచంద్రపురంలోని మా ఇంటి నుంచి బస్సులో గంట దూరం. కాలేజీ గేటుకు ఎదురుగానే మా మేనత్త ఇల్లు. రెండోది ఒక రాత్రీ ఒక పగలూ రైల్లో కూర్చుంటే వచ్చే ఊరు. అక్కడ మాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. నాకు నచ్చింది అదే. రెండు కాలేజీలూ మంచివే కాబట్టి వాదించడానికి ఎవరికీ సరైన కారణం దొరకలేదు. ఒకదాంట్లో చేరితే రెండోది పోతుంది. మర్నాడు సాయంత్రంలోగా తేల్చుకోవాలి.

నాయనమ్మకు మాత్రం ఇందులో తేల్చాల్సిందేమీ కనిపించలేదు.

"అత్త ఇల్లుండగా హాస్టలేంటే?"

"రాత్రి పుస్తకం పట్టుకుంటే కళ్ళు పోతాయని లైటు తీసేస్తుంది నాయనమ్మా."

"పోతే పోనీ. కళ్ళ డాక్టరువై నువ్వే చూసుకుందువుగానిలే."

నాన్న మనసు ఎటుందో ఇంట్లో అందరికీ తెలుసు. పదో తరగతిలో బడివాళ్ళు మమ్మల్ని పిఠాపురం విహారయాత్రకు తీసుకెళ్తే, "అటు పనుంది" అని కొట్టు మూసేసి బస్సు వెనకాలే స్కూటర్ మీద వచ్చిన మనిషి.

"మచ్చు వండుదాం" అంది నాయనమ్మ.

మా వ్యాపారంలో రెండు రకాల బియ్యం మధ్య ఎటూ తేలకపోతే మచ్చు వండుతారు. మచ్చంటే బస్తాలోంచి తీసిన గుప్పెడు బియ్యం. రెండూ వేరువేరు గిన్నెల్లో వండి, కూర లేకుండా, కళ్ళు మూసుకుని తినాలి. తిన్నవాళ్ళు ఏది బాగుందంటే అదే కొంటారు. తర్వాత మాట మార్చకూడదు. ఈ పద్ధతిలో డాక్టర్లను తయారు చేసిన కుటుంబం గురించి నేనెక్కడా చదవలేదు.

షరతులు కూడా నాయనమ్మే పెట్టింది. దగ్గరి కాలేజీకి నిరుటి వానాకాలపు సార్వా పంట, పాత బియ్యం. దూరపు కాలేజీకి ఈ వేసవిలో కోసిన దాళ్వా, కొత్త బియ్యం. పాతవి పొడిపొడిగా ఉడుకుతాయి, కొత్తవి ముద్దవుతాయి. తినేది నాన్న.

"ఇది అన్యాయం. కళ్ళతో పాటు ముక్కు మూసుకున్నా నాన్న పాత బియ్యం కనిపెట్టేస్తారు" అన్నాను.

"కనిపెట్టాలనే కదే" అంది నాయనమ్మ.

అమ్మ రెండు పొయ్యిలూ వెలిగించింది. "ఎసరు మీరే పెట్టండి అత్తయ్యగారూ. తర్వాత నీళ్ళెక్కువయ్యాయని నన్ననకండి."

నాన్న పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మొదటి గిన్నెలోది వేళ్ళకు తగలగానే ఆయన ముఖం తేలికపడింది. పాత బియ్యం. మెల్లగా నమిలి మింగి, అవసరం లేకపోయినా ఇంకో ముద్ద తిన్నారు. రెండో గిన్నెలోది వేళ్ళకు అంటుకుంది. అదీ తిన్నారు. మంచినీళ్ళు తాగారు. మేనత్త ఇంట్లో నా మంచం ఏ గోడ పక్కన వేస్తారో ఆలోచించడం మొదలుపెట్టాను.

"రెండోది బాగుంది" అన్నారు, కళ్ళు తెరవకుండానే.

నాయనమ్మ వంగి గిన్నెలోకి చూసింది. "ఒరేయ్, అది దాళ్వారా."

"ఏదైతేనేమమ్మా. కళ్ళు మూసుకున్నాను గదా, నాకేం తెలుసు?"

"ఇన్నేళ్ళు కొట్లో కూర్చున్నది ఈ మాట అనడానికా?"

"బాగున్నదాన్ని బాగుందన్నాను."

అమ్మ గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

బజారులో ఈ సంగతి దాగలేదు. మర్నాడు మిల్లు గుమస్తా కొట్టు మెట్లెక్కకుండానే, "కొత్త బియ్యమే రుచంట కదండి, ఓ లారీ దింపమంటారా?" అన్నాడు. నాన్న ఇంకో బియ్యపు గింజ తీసి పంటి కింద పెట్టారు.

ఆ వారమే నన్ను రైలెక్కించడానికి రాజమండ్రి వచ్చారు. ప్లాట్‌ఫారం మీద అడిగాను.

"నిజంగానే ఆ కొత్త బియ్యం బాగున్నాయా నాన్నా?"

ఆయన నా పెట్టె తాళం రెండుసార్లు లాగి చూశారు. "తినగా తినగా అలవాటైపోద్దమ్మా" అన్నారు.

నాయనమ్మ ఓటమిని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. నేను సెలవులకు వచ్చిన ప్రతిసారీ మొదటి భోజనానికి కొత్త బియ్యమే వండించేది. "నీకు బాగుందిగా, తిను" అంటూ నాన్నకు వడ్డించేది. ఆయన మారు వడ్డించమని అడిగేవారు. ఆ పూట ఇంటిల్లిపాదీ ముద్దన్నమే తినేవాళ్ళం. నాయనమ్మ పోయాక ఆ పని అమ్మ తీసుకుంది. నా చదువు అయిపోయి, ఉద్యోగంలో చేరాక కూడా అలాగే జరిగింది.

నాన్న పోయి రెండేళ్ళయింది. నేను వచ్చిన రోజున మా ఇంట్లో ఇప్పుడు కొత్త బియ్యం వండడం లేదు.