వెంకట్రాజం ఊదిన ఇంగ్లిష్ పాట

వరంగల్‌లో పెళ్ళి బరాత్ కదిలిందంటే ముందు తన క్లారినెట్ ఉండాల్సిందేనని వెంకట్రాజం అందరికీ చెప్పుకునేవాడు. చెప్పుకోవడానికి మొహమాటం దేనికి? డెబ్బైల నుంచీ ఎర్రకోటు తొడుక్కుని, కొత్త సినిమా పాట వచ్చిందంటే వారం తిరక్కుండా వీధిలో ఊదిన మనిషి.

అంతటివాడికి ఎనభై ఆరులో చిక్కొచ్చిపడింది. బట్టల కొట్టు కిషన్ రావు కొడుకు శ్రీనివాస్ తన పెళ్ళి బరాత్‌లో ఇంగ్లిష్ పాట కావాలన్నాడు.

"నీతోని కాకపోతే చెప్పు కాకా. జీపు మీద టేప్‌రికార్డర్ పెడ్తం, ఫికర్ లేదు."

ఫికర్ లేకపోవడమేంటి? ఒక్క పెళ్ళిలో జీపు ముందుకొచ్చిందంటే, ఇక ఏ పెళ్ళిలోనూ బ్యాండుకు ముందు చోటుండదు. వెంకట్రాజం వెంటనే, "నేనే ఊదుత. జర మాటలు చెప్పుండ్రి" అన్నాడు.

ఆయన పద్ధతి అది. పాటలో మాటలు ముందు తెలియాలి, మాట ముగిసిన చోటే ఊపిరి తీసుకోవాలి. మాట నడుమ ఊపిరి తీస్తే పాట పీక నొక్కినట్టేనని ఆయన నమ్మకం.

అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. శ్రీనివాస్ ఒకలా పాడితే దోస్తులు తలోలా పాడారు. క్యాసెట్ వెనక్కి తిప్పీ తిప్పీ టేపు నలిగింది గానీ తగవు తెగలేదు. చివరికి కిషన్ రావు ఇంట్లో వీసీఆర్ కిరాయికి తెచ్చి ఆ పాట వీడియో పెట్టారు. అంతే, మాటల లొల్లి బొమ్మల మీదికి మళ్ళింది. వానలో తడుస్తూ నడిచే ఆ పిల్ల బతికున్నదా, చచ్చి దయ్యమైందా అని కొట్టుకోవడమే సరిపోయింది.

వెంకట్రాజం నీరుగారిపోయాడు. టీవీ చూద్దామని వెంట వచ్చిన ఆయన భార్య సమ్మమ్మ మెల్లగా అంది: "వాళ్ళ పంచాయితీ నీకెందుకయ్యా? పాడెటోని భుజం సూడు. ఊపిరి తీసినప్పుడల్లా లేస్తాంది."

ఆయన చూశాడు. నిజమే. ఇంకోసారి పెట్టమన్నాడు, మరోసారి పెట్టమన్నాడు. మాటలు ఏవైతేనేం, ఊపిరి జాడ దొరికింది.

పెళ్ళినాడు ఎందుకైనా మంచిదని జీపు కూడా తెచ్చి వెనక నిలబెట్టారు. వెంకట్రాజం క్లారినెట్ ఎత్తాడు. డోలు అందుకుంది. శ్రీనివాస్ దోస్తులు గంతులేస్తూ ఎవరి మాటలు వాళ్ళే గొంతు చించుకుని పాడారు, ఎవరూ తగ్గలేదు. కానీ ఆయన ఊపిరి తీసిన చోట అందరి గొంతులూ ఒక్కసారే ఆగాయి, మళ్ళీ ఒక్కసారే లేచాయి. కిషన్ రావు జీపు డ్రైవర్‌ను పిలిచి ఇంటికి పొమ్మన్నాడు.

రోడ్డు పక్క జనంలో సమ్మమ్మ నిలబడి ఉంది. ఆమె పెళ్ళికొడుకును చూడలేదు, ఎగిరే పిల్లలను చూడలేదు. ఎర్రకోటు కింద లేస్తున్న భుజాన్నే చూస్తూ, పక్కనున్న పొరుగింటి యాకమ్మను మోచేత్తో పొడిచింది.

"సూడు, ఇప్పుడు తీస్తడు."

తీశాడు.