ఆవిడ అన్న ‘ఆయ్’

పాప కడుపులో ఉన్నప్పటి నుంచి ఒక మాట నా గొంతుకి అడ్డంపడి ఉంది. విని అర్థం చేసుకోగల మనిషి ఎవరికీ ఇంతవరకూ చెప్పలేదు. పాప నిద్రపోయింది. మీకు చెబుతున్నాను.

మా ఆయన మేనత్తకి పిల్లల్లేరు. మా దగ్గరే ఉంటారు. దిండి ఊరి దగ్గర ఆవిడకి కొబ్బరితోట ఉండేది. మతిమరుపు ముదిరాక ఏమడిగినా ‘ఆయ్’ అనడం మొదలుపెట్టారు. మా వైపు అవునండీ అనడానికి అదే మాట. అన్నం తిన్నారా అంటే ఆయ్. తినలేదా అన్నా ఆయ్. మర్యాద మిగిలింది, అర్థం పోయింది.

ఎన్నడూ మా గుమ్మం తొక్కని బావగారు, మా ఆయనకి అన్న, అప్పుడే పూతరేకులు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఆవిడ మంచం పక్కనే కూర్చునేవారు. నేను కాఫీ తెస్తే మాట ఆపేసేవారు. అనుమానం రాలేదని చెప్పను. తోటని బావగారు ఎవరో రిసార్టు వాళ్ళకి చవగ్గా రాయించేస్తున్నారని, వచ్చే డబ్బులో మాకూ వాటా ఉంటుందని మా ఆయనే చెప్పారు. పుట్టబోయే బిడ్డ కోసం అనుకున్నాను. నిజంగా బిడ్డ కోసమేనా?

రిజిస్ట్రేషన్‌కి నన్నూ తీసుకెళ్ళారు. అధికారి ఆవిడని అడిగారు.

“తోట మీ ఇష్టంతోనే అమ్ముతున్నారా అమ్మా?”

“ఆయ్.”

అధికారికి ఎక్కడో తేడా కొట్టింది. నా వైపు తిరిగారు.

“ఏమ్మా, చదువుకున్నదానిలా ఉన్నావు. ఈవిడ తెలిసే అంటున్నారా?”

“మా అత్తకి తెలీకపోవడమేంటండీ! ఒక్క కాయ తగ్గితే మమ్మల్నే దొంగలంటారాయె,” అని బావగారు నవ్వేరు.

అధికారి నవ్వలేదు. నన్నే చూస్తున్నారు. ఎప్పుడో పోయిన భర్తకి టిఫిన్ పెట్టావా అని ఆవిడ ఆ పొద్దునే నన్నడిగారు. ఆ సంగతి నోటిదాకా వచ్చింది.

“తెలుసండీ,” అన్నాను.

వేలిముద్ర వేయించారు. బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “కాయలు దింపేరో లేదో, తోటకెళ్ళి చూసొద్దాం పదవే అమ్మాయ్,” అన్నారు.

ఇప్పుడు ఎవరినీ నమ్మలేను. మా ఆయన ఏ కాగితం మీద సంతకం అడిగినా ముందూ వెనకా చదువుతాను. పాప ఆయ్ అంటే, నిజంగా అర్థమైందా అని మళ్ళీ మళ్ళీ అడుగుతాను. పిల్ల బెదిరిపోతుంది. రేపు నాకు మతి తప్పితే నా పక్కన నిలబడి ‘తెలుసండీ’ అనేది ఇదేనా అని దాని మొహంలోకి చూస్తుంటాను. కన్నతల్లి చూడాల్సిన చూపేనా అది?

నిన్న ఆవిడకి తల దువ్వుతూ అంతా చెప్పేశాను. “నన్ను క్షమించారా అత్తయ్యగారూ?” అన్నాను.

“ఆయ్,” అన్నారు.

ఆ మాటని మన్నింపుగా తీసుకునే హక్కు నాకు లేదు. అందులో అర్థం లేదని తెలిసే కదా తోట అమ్మనిచ్చాను. మీరైనా ఆయ్ అనకండి. విన్నారు. గొంతు కాస్త తెరిపిన పడింది.