మూడు కడవల వేషం

నా చిన్నప్పుడు మా ఊరి అమ్మవారి జాతరలో మా ఇంటిల్లిపాదీ వేషాలు కట్టాం, చిల్లిగవ్వ ఖర్చు లేకుండా. ఆనకట్ట కట్టాక మా పొలాల్లోకి కొత్తగా కాలవ నీళ్ళు వచ్చిన రోజులవి. నేను చెప్పేవాటిలో సగం కోతలని ఊళ్ళో ఒక మాట ఉంది. ఏ సగమో వాళ్ళకీ తెలియదు, నాకూ అంతగా గుర్తులేదు. ఈ సంగతిలో మాత్రం కోత ఎక్కడుందో అక్కడ నేనే చెప్పేస్తాను.

ఆ ఏడు మా అమ్మకు విషజ్వరం వచ్చి ఇరవై రోజులు మంచం దిగలేదు. మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, అమ్మవారికి మొక్కుకుంది. కోడలు లేచి తిరిగితే ఇంట్లో నలుగురం వేషాలు కట్టి గుడి చుట్టూ మూడుసార్లు తిరుగుతామని. అమ్మ లేచింది. లేచిన మూడో రోజునే కడవ చంకనెత్తుకుని కాలవకు నడిచింది. మరి ఎవరు తెస్తారు? మామ్మకు మోకాళ్ళు పట్టేశాయి. నేను కడవనెత్తబోతే కడవే నన్నెత్తేలా ఉండేది. మా నాన్న మగవాడు. మా ఊళ్ళో మగవాడు నాగలి ఎత్తుతాడు, బస్తా ఎత్తుతాడు, కడవ ఎత్తడు. అమ్మ దారిలో రెండుచోట్ల కడవ దించి, ఎవరిదో గోడ పట్టుకుని నిలబడేది. అది నేను రోజూ చూసేవాణ్ణి. చూసి, ఆడుకోవడానికి పోయేవాణ్ణి.

జాతర దగ్గర పడింది. రాజమండ్రి వైపు నుంచి వేషాలు అద్దెకిచ్చేవాళ్ళు వచ్చి, ఎడ్లబండి మీంచి పెట్టెలు దించారు. మఖమలు చొక్కాలు, అద్దాల కిరీటాలు, రావణాసురుడి పది తలలు. మునసబుగారింటి వాళ్ళు రావణుణ్ణి ముందే చెప్పి ఉంచుకున్నారు. మా చేను ఆ ఏడు వరదకు కుళ్ళిపోయింది. నాన్న ఒక కిరీటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దాని అద్దె విని, నిద్రపోతున్న పసిబిడ్డను తల్లికి అందించినంత జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

ఇక ఇంట్లో ఉన్నవాటితోనే తంటాలు పడ్డాం. కొబ్బరిపీచుతో నాన్నకు ముని గడ్డం కట్టి చూశాం. ఆయన గోక్కున్న గోకుడుకు తపస్సు భంగమైంది. నేను పులినవుతానని పసుపూ మసీ ఒళ్ళంతా పూసుకుంటే, మామ్మ ఖాళీ అయిన పసుపు పిడత చూపించి, "ఏమయ్యా పులీ, రేపు పులుసులో నిన్ను ముంచనా?" అంది.

జాతర ముందురోజు మామ్మ దండెం కింద నిలబడి సంగతి తేల్చేసింది.

"దండెం నిండా వేషాలు పెట్టుకుని ఊరంతా వెతుకుతారేంటర్రా? ఒకరి బట్టలు ఒకరు కట్టుకోండి."

వంతులు కూడా తనే వేసింది. అమ్మ చీర నాన్నకు. నాన్న పంచె, తలపాగా అమ్మకు. నా పైగుడ్డా, ఉండేలూ తనకు. తన తెల్లచీర నాకు. నాన్న ముఖం కందగడ్డయింది.

"నలుగురూ నవ్వుతారమ్మా."

"జాతరకు ఏడవడానికి వస్తారా? మొక్కు తప్పి ఆ పిల్లకు జ్వరం తిరగబెడితే పూచీ నీదా?"

నాన్న దండెం మీది చీర అందుకున్నాడు. మామ్మ అక్కడితో వదల్లేదు. ఎవరి బట్టలు కడితే వాళ్ళ పని కూడా చెయ్యాలంది. అమ్మ వేషం కట్టినవాడు చుట్టుకొక కడవ చొప్పున కాలవ నుంచి తెచ్చి అమ్మవారి ముందు పొయ్యాలంది. "ఉత్తినే చీర చుట్టుకుంటే అది వేషం కాదురా, దండెం." మరి నా పనేంటని అడిగాను. "నా పనేగా? అన్నీ చూడు, ఏమీ అనకు," అంది. నా నోటికి అంత కష్టమైన వేషం ఇంకొకటి లేదు.

మర్నాడు మామ్మ మోకాళ్ళ నొప్పితోనే గెంతుతూ, ఉండేలుతో కాకుల్ని గురిచూస్తూ నడిచింది. నాన్న కుచ్చిళ్ళు తొక్కుకుంటూ మొదటి కడవతో రేవు మెట్లెక్కాడు. రేవులో ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏం వదినా, కాపురానికి కొత్తా? కడవను దొంగను పట్టినట్టు పట్టుకున్నావేంటి?"

"మీసం తడుస్తోంది, చూసుకో వదినా!"

జనమంతా మునసబుగారి రావణుణ్ణి వదిలేసి మా వెనకాల చేరారు. ఆ నవ్వులకు కాలవగట్టు రెండుచోట్ల బీటలు తీసింది. (ఇదిగో, కోత ఇక్కడుంది.) అమ్మ గుడి అరుగు మీద కాలు మీద కాలేసుకుని, వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చుంది. రెండో కడవ ఆలస్యమయ్యేసరికి అచ్చం నాన్న గొంతుతో కేకేసింది.

"ఏమే, కడవెడు నీళ్ళకు ఇంతసేపా? కాలవ తవ్వుకుని తెస్తున్నావా?"

జనం విరగబడి నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆ మాట ఎక్కడిదో మా నలుగురికే తెలుసు. రోజూ వాకిట్లో కూర్చుని ఆయన అనే మాటే అది.

మూడో కడవతో వస్తూ సగం దారిలో నాన్న ఆగిపోయాడు. కడవ దించి, పక్కనున్న గోడ పట్టుకున్నాడు. అమ్మ రోజూ పట్టుకుని నిలబడే గోడే అది. ఏమైందోనని మేం ముగ్గురం వెళ్ళాం. ఆయన చీర చెంగుతో చెమట తుడుచుకుని, మెల్లిగా అడిగాడు.

"రోజుకెన్ని తెస్తావే?"

"ఎనిమిది."

"జ్వరం నుంచి లేచాక కూడానా?"

అమ్మ తలపాగా కళ్ళ మీదికి లాక్కుంది. మామ్మ, అక్కడ లేని పిట్టకు ఉండేలు గురిపెట్టింది. "నాన్నా, అమ్మ రోజూ ఈ గోడే పట్టుకుంటుంది," అని చెప్పెయ్యాలని నా నాలుక దురదపెట్టింది. కానీ ఒంటి మీద మామ్మ చీర ఉంది. ఊరుకున్నాను. నాన్న కడవ మళ్ళీ చంకనెత్తుకున్నాడు. మొక్కు తీరింది.

ఆ మర్నాడు తెలతెలవారుతుండగా నాకు మెలకువ వచ్చింది. నాన్న భుజాన కడవతో దొడ్డిదారిన వస్తున్నాడు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టాడు. కాసేపటికి అమ్మ లేచి, అంచుదాకా నిండిన నీళ్ళ గోలెం చూసి, మామ్మ వైపు చూసింది. "మావాడు ఇంకా వేషం విప్పినట్టు లేడు," అని మామ్మ కవ్వం అందుకుంది.

నాలుగు రోజులకు పక్కింటి అక్క, "మీ అమ్మ కాలవకు రావడం మానేసిందేంటిరా?" అని నన్ను పట్టుకుంది. నాన్న పరువు నా నోట్లో ఉంది. తెల్లారకట్ల అమ్మవారే వచ్చి పోసి వెళ్తోందన్నాను. తడి అడుగులు చూశానన్నాను. గజ్జెల చప్పుడు కూడా విన్నానన్నాను. వారం తిరక్కుండానే ఊళ్ళోవాళ్ళు మా గోలేనికి పసుపూ కుంకుమా పూసి, కొబ్బరికాయలు కొట్టడం మొదలుపెట్టారు. అమ్మకు జ్వరం తిరగబెట్టలేదు. అంతా అమ్మవారి మహిమ అన్నారు. నేను కాదనలేదు.

నాన్న పోయాక ఈ నిజం మొదటిసారి బయటపెట్టాను. గజ్జెలు నమ్మినవాళ్ళే, "మీ నాన్నగారు కడవ మోశారా! ఇది మాత్రం మరీ కోతండీ," అని నవ్వారు. నవ్వనివ్వండి. మా ఆవిడ లేచేసరికి మా గోలెం కూడా నిండే ఉంటుంది. తెల్లారకట్ల గట్టు మీద ఎవరైనా ఎదురై, "ఏంటండీ, మీ భుజాన కడవేంటి?" అంటే, చిన్నప్పటి మొక్కండీ, ఇంకా తీరలేదు, అంటాను.