తేలు మంత్రం, వేడి సంగటి

మా మనవరాలు తొమ్మిదో తరగతి. దానికి పుస్తకాల పిచ్చి. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేతిలో పుస్తకం ఉండాల్సిందే. అన్నీ ఇంగ్లీషువే, ఒక్కోటి ఇటుకంత ఉంటుంది. కుప్పంలో ఉన్న మా కూతురు, అంటే దాని మేనత్త, కొని బస్సులో పంపిస్తూ ఉంటుంది. కథ చెప్పమంటే చెబుతుంది గానీ, నాలుగైదు విన్నాక నాకు తెలిసిందేమిటంటే అన్నింట్లోనూ ఒకటే సంగతి. ఒక పిల్ల ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు దానికి తెలియకుండా ఏదో దాస్తుంటారు. చివరికి వాళ్ళ అవ్వకు మంత్రాలు వచ్చని, ఆ శక్తి ఈ పిల్లకూ ఉందని బయటపడుతుంది. ఇంక ఆ పిల్ల కొండలు ఎగిరి దాటుతుంది, దుష్టులను తరుముతుంది. ఇన్ని చేసినా ఒక్క పుస్తకంలోనూ దానికి మోకాళ్ళ నొప్పులు రావు. ఆకలి కూడా అయినట్టు లేదు.

ఆ కథలు దాని పాటికి అది చదువుకుంటూ ఉంటే నాకేం బాధ ఉండేది కాదు. మొన్న మా కూతురు ఫోన్లో ఊరికే ఉండలేక, మీ అవ్వకు తేలు మంత్రం వచ్చు గదే అనేసింది. గ్రహణం పట్టినప్పుడు నీళ్ళలో నిలబడి తీసుకోవాలని కూడా ఆ మహాతల్లే చెప్పింది. పిల్ల చేతిలో పుస్తకం మూసేసి వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఇంట్లోనే మంత్రం పెట్టుకుని ఇన్నేళ్ళు తనకు చెప్పలేదని కోపం. వచ్చే పున్నానికి గ్రహణం ఉందని ఫోన్లో చూసి పెట్టుకుంది కూడా. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. ఈ వయసులో దేనికైనా అడ్డం చెప్పాలన్నా ఓపిక కావాలి.

నేను పుట్టింది ఈ మదనపల్లెలోనే. మా నాయనకు బజారులో అంగడి. నన్నిచ్చింది పుంగనూరు దాటి సదుం వైపు ఒక పల్లెకు. చెనిక్కాయ చేలు, రాతి గుట్టలు, రాయి తిప్పితే తేలు. మా అత్తకు తేలు మంత్రం వచ్చు. అది ఆ ఇంట్లో కోడలి నుంచి కోడలికే వస్తుంది, కూతుళ్ళకు చెప్పరు, ఇంకో ఇంటికి పోతారని. దానికొక నియమం ఉంది. గడపలో ఎవరైనా వచ్చి తేలు కుట్టిందంటే, తింటున్న కంచం ముందు నుంచి అప్పుడే లేవాలి. లేచిన కంచం దగ్గర మళ్ళీ కూర్చోకూడదు. ముద్ద మింగి వస్తానంటే మంత్రం పారదట. తేలు కూడా ఏం మాయో, సరిగ్గా మా అత్త కంచం ముందు కూర్చున్నప్పుడే కుట్టేది. సంగటి సంగతి తెలిసిందే గదా, వేడిగా ఉంటే వెన్న, చల్లారితే రాయి. ఆమె ఎప్పుడో తిరిగొచ్చి కుండలో మిగిలిన రాయిని మజ్జిగలో పిసుక్కుని తాగేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెను చూసి నాకు గొప్పగా ఉండేది. ఊరు ఊరంతా చేతులు కట్టుకుని నిలబడే మనిషి! మా మనవరాలిని ఏమనేది, ఆ మంత్రం నాకెప్పుడిస్తుందా అని నేనూ కాచుకుని ఉన్నదాన్నే.

ఒక సూర్యగ్రహణం నాడు మా అత్త నన్ను బావిలోకి దింపి, తనూ దిగింది. మామ, ఆడబిడ్డలు, ఊళ్ళో పెద్దలు గట్టు మీద నిలబడ్డారు. నడుం లోతు నీళ్ళు, చలికి నా పళ్ళు టకటకమంటున్నాయి. మా అత్త నా తల దగ్గరికి లాక్కుని, చెవిలో నోరు పెట్టింది.

"నీకు జెప్పను అమ్మా. ఇది నాతోనే పోనీ. పుంగనూరులో సూదిమందు ఉండాది, బస్సుండాది. ఎవరన్నా వస్తే ఆస్పత్రికి పొమ్మను. నువ్వన్నా వేడి సంగటి తిను."

అంతే. గట్టు మీదివాళ్ళు చూస్తున్నారని కాసేపు పెదవులు ఊరికే ఆడించింది. పైకొచ్చాక అందరూ నాకు దండం పెట్టారు. ఈ మాట తెలియకుండానే మా ఆయన కూడా పోయాడు.

వారం తిరగకముందే కూలికి వచ్చే ఒకామె బిడ్డను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. మేమిద్దరం అప్పుడే కూర్చున్నాం, సంగటి మీద ఇంకా ఆవిరి పోతోంది. మా అత్త నన్ను చూసి, కూర్చోమని కళ్ళతోనే చెప్పింది. బిడ్డ కాలు పట్టుకుని గిలగిలా కొట్టుకుంటున్నాడు. ఆ తల్లి నా ముఖం తప్ప ఇంకేమీ చూడటం లేదు. నేను లేచాను. నోట్లో ఏదో గొణుగుతూ, ఎదురొచ్చిన బస్సును ఆపి, పుంగనూరు ఆస్పత్రికి తీసుకుపోయాను. బిడ్డకు తగ్గింది. నేను తిరిగొచ్చేసరికి మా అత్త కంచంలో సంగటి పెట్టింది పెట్టినట్టే ఉంది, ఆమె కూడా తినలేదు. చెప్పినా వినవు గదా, ఇంక నీ ఖర్మ అని తిట్టింది. కొడుకు దగ్గరికి మళ్ళీ ఈ మదనపల్లెకు వచ్చేదాకా, ఆ ఖర్మ ముప్పై ఏళ్ళు సాగింది. మంత్రం లేదు, నియమం మాత్రం మిగిలింది. ఎవరొచ్చినా లేచాను, గొణిగాను, బస్సెక్కించాను. తగ్గించింది సూదిమందు, పేరు నాకు.

పిల్ల చూసి పెట్టుకున్న పున్నానికి చంద్రుడు గ్రహణంతోనే పైకొచ్చాడు. మదనపల్లెలో మాకు బావి ఎక్కడిది? పిల్ల మిద్దె మీద నీళ్ళు పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో దిగి, తలకాయ మాత్రం బయటపెట్టి నిలబడింది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. నిజం చెబితే దాని ముచ్చట పోతుంది, మా అత్త దాచుకున్న మాటా పోతుంది. ఏదో ఒక నామం చెప్పి ఊరుకుంటే, తనకు మంత్రం ఉందని ఈ పిల్ల జన్మంతా నమ్ముతుంది. నమ్మినవాళ్ళ కాళ్ళను గడప ఎట్లా లాగుతుందో నాకు తెలుసు. వంగి, చెవిలో ఉన్నదున్నట్టు చెప్పాను. బావిలో మా అత్త చెప్పింది, బిడ్డ సంగతి, అంతా.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నీళ్ళలోనే నిలబడి అడిగింది.

"మంత్రమే లేకపోతే, నువ్వు యాల లేస్తాంటివి అవ్వా?"

జలుబు చేస్తుంది, బయటికి రామ్మా అన్నాను.

గ్రహణం విడిచాక స్నానాలు చేసి కొత్తగా వండుకున్నాం. నేనే సంగటి కెలికి, ఊరుబిండి పచ్చడి నూరాను. పిల్ల పుస్తకం తేకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిరి పోతున్న ముద్దను తుంచి నోటి దాకా తెచ్చి, నేను గడప వైపు చూశాను. అదీ చూసింది. అక్కడెవరూ లేరు. ఉండరని నాకూ తెలుసు, ఇప్పుడు ఫోన్ చేస్తే ఆంబులెన్సే వస్తుంది. మంచిదే. తిను అవ్వా, సల్లారిపోతాది అంది పిల్ల. తిన్నాను. పిలిచేవాళ్ళనందరినీ తీసుకుపోయిన కాలం, లేచే ఈ కాళ్ళను మాత్రం ఎందుకో నాకే వదిలేసి పోయింది.